పాటలో ఉన్న పొలం

నా జీపు హారన్ మా నానమ్మ పాటలో ఏడు నిమిషాలను మింగేసింది. కావాలని చేసింది కాదు. కానీ ఆ వేసవిలో మా ఇంట్లో జరిగిందంతా ఆ హారన్ దగ్గరే మొదలైంది కాబట్టి నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఇప్పుడు మా చెల్లి సత్యకుమారి కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తుంటారు. ఆమె వార్త రాస్తుంది, ఫిల్ము తీస్తుంది, రేడియోకి గొంతిస్తుంది, కవిత్వం పుస్తకాలు వేసింది. ఇవన్నీ ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు. అరకులో డిగ్రీ చదివిందని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే వాళ్ళకి తీరిక ఉండదు, నాకు సవారీలు పోతాయి.

అది రెండువేల ఆరు, చైత్రమాసం. మా ఊరు పనసపుట్టు, అరకు నుంచి గంట దారి. నా పేరు గాసి, సర్వీసు జీపు తోలేవాణ్ణి. సత్యకి ఇరవై రెండేళ్ళు. అరకు బజారులో కేబుల్ నడిపే పైడయ్య దగ్గర పనిచేసేది. వారానికి రెండుసార్లు అరగంట స్థానిక వార్తలు. రాసేది తనే, తీసేది తనే, కత్తిరించి అతికించేది తనే, చివరికి పౌడరు రాసుకుని చదివేదీ తనే. చంకలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం. అందులో కవితలు. రెండు ఆదివారం పేపర్లో కూడా పడ్డాయి. ఊళ్ళో అందరూ ‘టీవీ గుంట’ అనేవాళ్ళు, మా వైపు గుంట అంటే పిల్ల.

విశాఖలో ఒక చానెల్లో ప్రోగ్రాములు చూసే ప్రసాద్ గారు అరకు అతిథిగృహంలో దిగినప్పుడు ఆమె వార్తలు చూశారట. కబురు పెట్టారు.

“చైత్ర పండగ మీద అరగంట తీసి పంపమ్మా. మే పదిలోగా. పనితనం ఉంటే జూన్ ఒకటి నుంచి మా స్టాఫ్‌లో ఉంటావు. ఇంకో కుర్రాడు కూడా ఉన్నాడు, హైదరాబాదులో కోర్సు చేసొచ్చాడు. ఎవరిది బాగుంటే వాళ్ళకి.”

ఆ రోజు సత్య ఇంటికి నడిచి రాలేదు, మబ్బు మీద కూర్చుని వచ్చింది. కాఫీ తోటలు తెల్లగా పూసి ఉన్నాయి. కొండంతా మల్లెపూల వాసన. జీపులో నా పక్కన కూర్చుని దారంతా ఒక్కటే మాట చెప్పింది: “నానమ్మ పాటతో మొదలెడతానన్నయా.”

ఆ పాట గురించి చెప్పాలి. చైత్రంలో విత్తనాల బుట్టను దేవుడి దగ్గరకు పంపే ముందు మా ఇంట్లో పెద్ద ఆడమనిషి ఒక పాట పాడుతుంది. సామ, రాగి, కొర్ర, కంది, ఒక్కో విత్తనాన్నీ పేరుపెట్టి పిలిచి, నువ్వు ఫలానా పొలం చెక్కకి పో, అక్కడి మట్టి ఇలా ఉంటుంది, గట్టున ఫలానా చెట్టు ఉంటుంది అని దారి చెబుతుంది. మా కొండ ఒడియాలో ఉంటుంది పాట. మా నానమ్మ రాజులమ్మకు దాన్ని వాళ్ళ అత్త ఇచ్చింది. ఏడాదికి ఒక్కసారే పాడేది, మాకెవరికీ మాటలు పూర్తిగా రావు.

పాట పాడిన ఉదయం నేను అరకులో ఉన్నాను. జరిగింది సత్య తర్వాత చెప్పింది. కెమెరా పట్టుకుని ఎదురుగా కూర్చుంటే నానమ్మ విసుక్కుందట.

“ఆ కన్ను నా మొహం మీద పెట్టకే. బుట్ట మీద పెట్టు. వినేది అది.”

పదకొండు నిమిషాలు. ఒక్క దగ్గు లేదు, ఒక్క కోడి కూత లేదు. పాట అయ్యీ అవగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్ళంతా మీదపడ్డారు. మాకు సూపించు, మాకు సూపించు అని. కెమెరాకి పక్కన అరచేతంత తెర ఉండేది. సత్య టేపు వెనక్కి తిప్పి చూపించింది. ఇరవై తలలు ఆ తెర మీద ఒరిగాయి. నాలుగు నిమిషాలు చూశారో లేదో, కింద రోడ్డు మీద నా జీపు హారన్ మోగింది.

చైత్రంలో మా మగాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా వెదురు కట్టి పాడుతూ నిలబడతారు. వచ్చిన బండి పండగ పైసలిచ్చి కదలాలి. కలెక్టరైనా అంతే, కట్టెల బండైనా అంతే.

“ఏటి గాసీ, సొంతూరోడివని తప్పించుకుందారనా?” రత్నాలు వదిన వెదురు మీద చెయ్యేసి అడిగింది.

“పొద్దుట ఇచ్చేను కదే వదినా.”

“అది ఎల్లడానికి. ఇది రావడానికి.”

వెనక సీట్లలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు.

“నీ బండికి గొంతుంది గానీ నీకు లేదేటి? దిగు. దిగి ఆడు.”

దిగాను. దింసా వరుసలో నన్ను రెండు చేతుల మధ్య ఇరికించి ఆడించారు. అప్పుడే సత్య పరిగెత్తుకుంటూ వచ్చింది. అన్నయ్య బండిని సొంతూరి ఆడవాళ్ళు ఆపడం, ఇలాంటిది మళ్ళీ దొరకదు. పరుగులోనే కెమెరా కంటికి ఆనించి ఎర్ర బొత్తం నొక్కింది. నేను కెమెరా వైపు చూసి పళ్ళికిలించాను కూడా.

నాలుగు రోజుల తర్వాత పైడయ్య గదిలో ఆ పళ్ళే చూశాం.

బజారు మేడ మీద చిన్న గది. రెండు టీవీలు, ఒక కంప్యూటరు, తిరిగీ తిరగని ఫ్యాను. టేపు ఆడుతోంది. నానమ్మ మొహంలో ఒక పక్క వెలుగు, చేతులు బుట్టలో మెల్లగా కదులుతున్నాయి. గొంతు దూరంగా కొండ చరియలో నీరు జారుతున్నట్టుంది. పైడయ్య నోట్లో కిళ్ళీ నమలడం కూడా మానేశాడు. సామ అయింది, రాగి అయింది, కొర్రను పిలవబోతోంది. తెర ఒకసారి గీతలు పడింది. రోడ్డు మీద నేను. హారన్. దింసా.

“ఇదేటి, ముసిలమ్మ ఏటయింది? మీ అన్నని ఎవుడు పిలిసేడు?” అన్నాడు పైడయ్య. తర్వాత అర్థమై తగ్గు గొంతుతో అడిగాడు. “టేపు ముందుకి జరపలేదేటమ్మా?”

“అందరికీ చూపించడానికి వెనక్కి తిప్పేను,” అంది సత్య. “మర్చిపోయేను. పాట మీదే దింసా ఎక్కిపోయింది.”

పైడయ్యది విజయనగరం. పెళ్ళి వీడియోలు తీసి పైకొచ్చిన మనిషి. “నాకూ అయిందిలే ఓపాలి. తాళి కట్టిన సోట బంతి భోజనాలొచ్చేసినాయి. పెళ్ళికూతురి బాబు నన్ను రైలుగేటు దాకా తరిమేడు,” అన్నాడు.

సత్య నవ్వలేదు. వస్తున్నప్పుడు జీపులో ఒక్కసారే అడిగింది, కోపం లేకుండా, దారి అడిగినట్టు.

“అంతసేపు ఎందుకు కొట్టేవన్నయా హారను?”

నేను గేరు మార్చాను.

నానమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. చుట్ట నిప్పు నోటి లోపల, పొగ ముక్కులోంచి. సత్య పక్కన కూర్చుని తనూ రెండాకులు కుట్టింది. తర్వాత అడిగింది.

“ఇంకోసారి పాడవే నానమ్మా. కొర్ర నుంచి చాలు.”

“పిలిసేసేను కదా.”

“టేపు పాడైపోయింది.”

“నీ టేపు పాడయిందని విత్తనాన్ని మళ్ళీ పిలుస్తారేటే? ఓపాలి దారి సెప్పేసేను. మళ్ళీ సెప్తే ఏ దారిన పోవాలో దానికి తెలీదు. వాన పడనీ. విత్తు మట్టిలో పడ్డాక ఎన్నిసార్లయినా పాడతాను, నీకూ నీ కన్నుకీ.”

“అప్పటికి ఉద్యోగం ఉండదే.”

నానమ్మ చుట్ట తీసి చూసింది. “అంత మంచి ఉజ్జోగమా?”

“నాకు కావాలి నానమ్మా. మన కొండ గురించి ఎవడో వచ్చి, ఒక పూట ఉండి, ఏదో చెప్పి పోతున్నాడు. నేను చెప్పాలి.”

నానమ్మ చేతులు ఆకు వెంట ఆకు కుట్టుకుంటూ పోయాయి. “సెప్పు. కానీ ఇప్పుడు పాడను,” అంది.

తర్వాత రెండు రోజులు సత్య కాఫీ తోట పైన రాతి మీద కూర్చుంది. పొద్దుటే పొగమంచు ఆమె నడుము దాకా ఉండేది. కిందనుంచి చూస్తే మనిషి సగం, మంచు సగం. నోటుపుస్తకం ఒళ్ళో ఉండేది. ఏం రాస్తోందో నేను అడగలేదు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం వచ్చి నా జీపు కావాలంది.

“ఎక్కడికి?”

“ఎక్కడికీ కాదు. ఇక్కడే. దుప్పట్లు తే.”

జీపుని చింతతోపులో ఆపించింది. నాలుగు పక్కలా దుప్పట్లు కట్టించింది. లోపల గొంగళి పరిచింది. ఇలా చేస్తే బయటి చప్పుడు రాదట, గొంతు మెత్తగా పడుతుందట. పైడయ్య మైకు నా చేతికిచ్చింది. ఊపిరి పీల్చొద్దని చెప్పింది. పీల్చకుండా ఎలా అంటే, తక్కువ పీల్చమంది. లోపల డీజిలు వాసన, చీకటి, చెమట. సత్య కళ్ళు మూసుకుని, గడ్డం మెడలోకి దించి, పాడింది.

నా చేతి మీద వెంట్రుకలు లేచాయి. అది నానమ్మ. ఆ జీర, ఆ ఆగడం, మాట చివర ఆ చిన్న విరుపు. కానీ మాటలు నేనెప్పుడూ విననివి.

*కొర్రా, చిన్నదానా, ఎర్రమట్టి చెక్కకి పో*
*అక్కడ మంచు ఆలస్యంగా లేస్తుంది*
*ఒక రాయి ఎండకి వీపు పెట్టి కూచుంటుంది*
*రాయి కింద ఊట, ఎవరూ చూడకుండా నవ్వుతుంది*
*ఆ నవ్వు వినబడేచోట ఆగిపో.*

అయిపోయాక అడిగాను. “ఈ చెక్క ఎక్కడిదే? మనకి లేదే?”

“పాటలో ఉంది,” అంది సత్య, ముఖం తుడుచుకుంటూ. ఆ ముఖంలో సంతోషం ఉంది. నేను దుప్పట్లు విప్పడం మొదలుపెట్టాను.

పాటకి బొమ్మలు అతికించింది. బుట్టలో చేతులు, కొండ మీద మబ్బు నీడ, ఎండుగడ్డి మీద గాలి. అతుకు ఎక్కడుందో నాకు కూడా దొరకలేదు. కింద తెలుగులో అర్థం వేసింది. చివర్లో ‘గానం: రాజులమ్మ’ అని వేసింది. మే ఎనిమిదిన బస్సులో పంపించింది.

వారానికి ప్రసాద్ గారు మాట్లాడారు. ఎస్టీడీ బూత్ అద్దం బయట నేను నిలబడ్డాను. ఫోను గొంతు పెద్దది, బయటికే వినిపించింది.

“ఆ పాటలో రెండో సగం ఉందే... మొదటి సగం పాట. రెండోది కవిత్వం. మీ నానమ్మ మామూలు మనిషి కాదమ్మా. ఆదివారం సాయంత్రం వేస్తున్నాం. నువ్వు జూన్ ఒకటిన వచ్చి చేరిపో.”

సత్య ‘సరే సార్’ అని నాలుగుసార్లు అంది. బయటికి వచ్చి నిలబడింది. గెలిచినవాళ్ళు నిలబడ్డట్టు లేదు.

ఊళ్ళో డిష్ ఉన్నది రత్నాలు వదిన ఇంట్లోనే. ఆదివారం అయిదున్నరకి ఊరంతా అక్కడే ఉంది. నానమ్మకి ముందు పీట వేశారు. తెర మీద తన మొహం చూసి, “అంత ముసిల్దాన్నయిపోయేనేటే,” అంది. అందరూ నవ్వారు. పాట మొదలయ్యాక సద్దుమణిగారు. సామ. రాగి. తర్వాత కొర్ర.

ఒకరిద్దరు తలలు తిప్పారు. మా ఊళ్ళో ఎవరింటి పాట వాళ్ళదే అయినా, ఎవరి చెక్కలు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. ఎర్రమట్టి చెక్క దగ్గరికి వచ్చేసరికి రత్నాలు వదిన వంగి నానమ్మ చెవి దగ్గర అడిగింది.

“ఇదేటి పెద్దమ్మా? ఈ చెక్క మీకెక్కడుంది?”

నేను సత్య వైపు చూశాను. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

“ఉన్నాది,” అంది నానమ్మ.

అంతే. చుట్ట నోట్లో పెట్టుకుని చివరి దాకా చూసింది.

ఇంటికి వచ్చాక విత్తనాల బుట్ట దించింది. మూత తీసి చెయ్యి పెట్టి కలిపింది. తర్వాత బుట్ట సత్య ముందు పెట్టింది.

“నువ్వు మళ్ళీ పిలిసినావు. ఇక నా మాట వినదిది. సివర పిలిసినోళ్ళ ఎనకే పోతాది. ఎర్రమట్టి, రాయి, ఊట. ఎక్కడుందో సూపించు, అక్కడే సల్లుదాం.”

“లేదు నానమ్మా. నేనే అల్లేను.”

“అల్లేవని తెలుసు లేవే. బాగా అల్లేవు. మా అత్త ఉంటే నిన్ను ఎత్తుకుని ఆడేది.” నానమ్మ గొంతులో కోపం వెతికినా లేదు. “మనుషులకి ఏటైనా సెప్పు. వాళ్ళకి బుర్రుంది, అడుగుతారు. విత్తనం అడగలేదు. నమ్మి పోతాది.”

“ఇప్పుడేటి చెయ్యాలి?”

“సూపించాల.”

ఆ బుట్టలో ఉన్నది మా ఏడాది తిండి. నానమ్మ దాన్ని మా పాత చెక్కల్లో చల్లనంది, పక్కింటి విత్తనం తీసుకోనంది. నేను రెండుసార్లు గొడవపడ్డాను. ఆమె విననట్టు ఆకులు కుట్టుకుంది.

సత్య వెతకడం మొదలుపెట్టింది. పొద్దుటే మంచు ఉండగా బయల్దేరి, ఎండెక్కాక వచ్చేది. కొన్నాళ్ళు నేనూ వెళ్ళాను. ఇరవై రెండేళ్ళు పుట్టి పెరిగిన కొండ, వారానికి రెండుసార్లు వార్తల్లో చెప్పిన కొండ, దానికి ఇన్ని మడతలున్నాయని మాకు తెలీదు. ఒక చోట ఎర్రమట్టి ఉంటే రాయి లేదు. రాయి ఉన్నచోట మట్టి నల్లగా ఉంది. ఊట అంటూ దొరికితే అది ఎవరిదో పొలం. ఒకరోజు ఒక బండ మీద కూర్చుని సత్య అంది.

“నానమ్మ ఎప్పుడైనా అబద్ధం ఆడగా చూశావా అన్నయా?”

“లేదు.”

“మొన్న నలుగురి ముందు ఆడింది. నా కోసం.”

మర్నాడు నన్ను అరకు తీసుకెళ్ళమంది. బూత్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి అటు గొంతు వినిపించలేదు, ఇటుదే వినిపించింది.

“సార్, ఆ రెండో సగం మా నానమ్మ పాడింది కాదు. నేను పాడేను. రాసింది కూడా నేనే.”

ఆగింది.

“అవును సార్. తెలిసే చేశాను.”

ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ వింది.

“తెలుసు సార్. మీ చోట నేనున్నా అదే చేస్తాను... ఒక్కటి అడుగుతాను. అది మళ్ళీ వేస్తే, కింద నిజం వెయ్యండి.”

బయటికొచ్చింది. “ఏమన్నాడే?” అన్నాను.

“పాట బాగుందని మళ్ళీ అన్నారు. వార్త చెప్పేవాళ్ళు ఇలా చెయ్యకూడదన్నారు. ఉద్యోగం ఆ కుర్రాడికి ఇస్తారు.” కళ్ళ నిండా నీళ్ళు ఉన్నాయి గానీ జారలేదు. “టీ తాగుదామా అన్నయా?”

రెండు గ్లాసులు తాగింది. పైడయ్య మేడ మీంచి చూసి దిగివచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. “మంగళారం వార్తలు సదవడానికి వస్తావు కదా? నా మొహానికి పౌడరు అతకదు,” అన్నాడు. అప్పుడు నవ్వింది.

నాలుగు రోజులకి ఒక వాలు దొరికింది. మా తాత కాలంలో పోడు కొట్టి వదిలేసింది, ఎవరికీ అక్కర్లేనిది. ఎర్రమట్టి. మధ్యలో పెద్ద రాయి, నిజంగానే ఎండ వైపు వీపు. ఇద్దరం కలిసి పొదలు కొట్టాం. జూన్ ఒకటిన విశాఖలో ఎవరో కుర్రాడు కొత్త చొక్కా వేసుకుని ఆఫీసు మెట్లెక్కుతున్న వేళకి మా చెల్లి చేతిలో కత్తి ఉంది, ఇద్దరి అరచేతుల్లో బొబ్బలున్నాయి.

మూడో తారీఖున వాన పడింది. తెల్లారేసరికి కొండలు కనబడలేదు, వాటి వాసనే ఉంది. నానమ్మని నేను మోస్తానన్నాను, వద్దని కర్ర పట్టుకుని ఎక్కింది. సత్య నెత్తి మీద బుట్ట. మంచులో ముందు నడుస్తున్న ఆమె ఒక్కోసారి కనబడేది, ఒక్కోసారి బుట్ట ఒక్కటే గాలిలో పోతున్నట్టుండేది.

నానమ్మ మట్టి తీసి నలిపి చూసింది. రాయి చుట్టూ తిరిగింది. అరచేత్తో దాని వీపు తట్టింది.

“ఊట ఏదే?”

“లేదు నానమ్మా. చుట్టూ వెతికేను. ఊట లేదు.”

“అయితే ఆ మాట దానికి సెప్పు.”

“ఏటని?”

“ఊట లేదని. ఉన్నదేదో ఉన్నట్టు సెప్పు, లేనిది లేదని సెప్పు. అప్పుడు సల్లుదాం.”

సత్య బుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నోటుపుస్తకం తేలేదు. బుట్ట మూత మీద పడుతున్న వాన చినుకులు చేత్తో తుడిచింది. తర్వాత పాడింది. ఈసారి నానమ్మ గొంతుతో కాదు, తన గొంతుతో.

*కొర్రా, చిన్నదానా, ఊట ఉందన్నాను, లేదు*
*రాయి ఉంది, దాని వీపు వెచ్చగా ఉంటుంది*
*మా అన్న చేతి బొబ్బ నీరు ఉంది, పై నుంచి మబ్బు ఉంది*
*ఇంతే ఉంది, వస్తావా.*

నానమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. ముందు గాలిలా, తర్వాత వినబడేలా. సత్య ఒక చరణం పాడితే ఆమె వెనకాల దాన్నే అంటోంది, చిన్నప్పుడు వాళ్ళ అత్త దగ్గర కూర్చుని నేర్చుకున్నట్టు. రెండు గొంతులూ నాలుగో చరణం దగ్గర కలిశాయి.

సత్య ఆగిపోయింది. అంతవరకే అల్లింది.

నానమ్మ బుట్టలోంచి గుప్పెడు విత్తు తీసి పట్టుకుంది. చల్లలేదు. కళ్ళు తెరిచి మనవరాలి వైపు చూసింది.

“తరవాత ఏటే?” అని అడిగింది.